జుల్మీరా వేసిన వేగు బిరడా

జుల్మీరా చేతికి ఏదిచ్చినా ముందు తిప్పి చూస్తుంది. సంతలో మొక్కజొన్న రొట్టె కొంటే అడుగున వేలితో తట్టి గానీ సంచిలో వేసుకోదు. మందుల షాపువాడు మాత్రలిస్తే అట్ట వెనక తేదీ చూశాకే పర్సు తీస్తుంది. పెళ్ళి పత్రిక వచ్చినా వెనక పక్కే ముందు చదువుతుంది. “నన్ను కూడా పెళ్ళికి ముందు నాలుగు పక్కలా తిప్పి చూసింది. అప్పటికి నా చెవులు బాగానే ఉన్నాయి కదా, పట్టుకోలేకపోయింది,” అంటాడు ఆమె మొగుడు అమదేవు. బిరడాలు తొలిచే యంత్రం పక్కన వయసంతా నిలబడి ఆయన చెవుడు తెచ్చుకున్నాడు. ఆమె అనుమానాల్లో సగం ఆయన చెవిన పడవు గనకే ఆ కాపురం సజావుగా సాగిందని లోరోజా ఊళ్ళో వాళ్ళని ఎరిగినవాళ్ళు అంటారు.

అనుమానం ఆమెకి పుట్టుకతో వచ్చింది కాదు, పనితో వచ్చింది. చిన్నతనం నుంచీ ఆమెది బిరడాలు ఏరే పని. వైను సీసాకి బిగించే కార్కు బిరడా చూడ్డానికి బొటనవేలంత ఉంటుంది గానీ తప్పు దాచుకోవడంలో దాన్ని మించింది లేదు. ఒంటి మీద వెంట్రుకంత పగులుంటుంది. పురుగు తొలిచిన దారి ఉంటుంది. పైకి ఆరినట్టు కనిపించి లోపల పచ్చిగా ఉంటుంది. ముందు యంత్రం కన్ను చూస్తుంది, అది పొరబడ్డవాటిని ఆడవాళ్ళు ఏరాలి. తెల్లటి దీపం కింద బెల్టు మీద బిరడాలు తమ చుట్టూ తాము దొర్లుకుంటూ వస్తుంటాయి. బెల్టుకి ఇద్దరు మనుషులు. మొదటి కుర్చీలో మనిషి బిరడా ఒళ్ళు చూస్తుంది, రెండో కుర్చీలో మనిషి చివర్లు చూస్తుంది. కిటికీ పక్క బెల్టు మీద ఒళ్ళు చూసేది గ్రసియెట్, చివర్లు చూసేది జుల్మీరా.

ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. గ్రసియెట్ కూతురికి జ్ఞానస్నానం రోజున జ్ఞానతల్లిగా నిలబడింది జుల్మీరానే. మనిషికీ మనిషికీ పోలిక లేదు. గ్రసియెట్ మెత్తని మనిషి. బజారులో ఎవరేది చెబితే అది నమ్మి కొనేసి, ఇంటికొచ్చాక పుచ్చిపోయినవి ఏరి కోళ్ళకి వేస్తుంది. ఆమెకి మొగుడు పోయాడు, నడుముకి ఆపరేషన్ అయింది.

ఆ కర్మాగారంలో ఒక అలవాటుంది. మేస్త్రి విటోరినో అప్పుడప్పుడూ తప్పున్న బిరడాలు కొన్ని ఎంచి, ఒక చివర సూదితో గుచ్చి, మంచివాటిలో కలిపి బెల్టు మీదకి వదులుతాడు. వాటిని ఆడవాళ్ళు వేగు బిరడాలంటారు. వేగు చివరి సంచిలోకి చేరిందంటే ఎవరో నిద్రపోతున్నట్టు లెక్క. ఒంటి మీద తప్పున్నదైతే మొదటి కుర్చీ పేరు, చివర తప్పున్నదైతే రెండో కుర్చీ పేరు బోర్డు మీదకి ఎక్కుతుంది. పేరు మాటిమాటికీ ఎక్కితే ఆ మనిషిని కడుగుడు షెడ్డుకి పంపుతారు. అక్కడ పనంటే తడి సంచులు మొయ్యడం. నడుముకి కోత పడ్డ మనిషికి కడుగుడు షెడ్డు అంటే ఇంటికి పొమ్మనడమే. గ్రసియెట్‌కి పింఛను వయసు ఇంకా రాలేదు.

గ్రసియెట్ కొంతకాలంగా తప్పుతోంది. బెల్టు వేగం పెంచిన దగ్గర్నుంచి అలాగే ఉంది. మధ్యలో లేచి స్నానాల గదికి వెళ్ళి, కళ్ళు కడుక్కుని వస్తోంది. ఆమె వదిలేసిన పగులు బిరడా తన ముందుకి రాగానే జుల్మీరా చెయ్యి చాచి, చివర్లు ఏరుతున్నట్టే ఏరి, పక్కన పడేస్తుంది. వేగు బిరడాల సూదిగుచ్చు ఉండేది చివరే కనక ఆమెకి అవి ముందే తెలిసిపోతాయి. ఒక్కటి కూడా సంచిలోకి పోనివ్వలేదు.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, గ్రసియెట్‌కి అసలు చెప్పలేదు. ఎందుకంటే ఏరేవాళ్ళలో ఒకరి వాటాలో ఇంకొకరు వేలు పెట్టడం కన్నా పెద్ద అవమానం లేదు. ‘చెయ్యి పెట్టడం’ అంటారు దాన్ని. ‘దాని బిరడాల్లో ఫలానాది చెయ్యి పెట్టింది’ అన్నారంటే, ఇక ఆ మనిషి కళ్ళ పని అయిపోయిందని అర్థం. పాతకాలంలో ఆ మాట మీద కొట్టుకున్నవాళ్ళున్నారు. కాబట్టి జుల్మీరా చెయ్యి పెడుతోంది గానీ దొంగచాటుగా పెడుతోంది. గ్రసియెట్‌కి తెలీదనే అనుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లో విశ్వవిద్యాలయం నుంచి ఒకామె వచ్చింది. పేరు బెనెదితా సర్మెంతు. సూది మందు వేసే డాక్టరు కాదు, చదువు డాక్టరు. అయినా అందరూ డాక్టరమ్మనే పిలిచారు. మధ్యాహ్నం భోజనాల గదిలో నిలబడి వచ్చిన పని చెప్పింది. పనిచేసే చోట మనిషికి ఎంత ఒత్తిడి ఉందో తెలుసుకోవడానికి ఉత్తరాన ఏదో చలిదేశంలో ఒక ప్రశ్నల కాగితం తయారు చేశారట. దాన్ని పోర్చుగీసు మాట్లాడే పనివాళ్ళకి సరిపోయేలా మార్చాలట. తను మార్చింది సరిపోయిందో లేదో వీళ్ళు చెప్పాలట. పేర్లు రాయక్కర్లేదట.

ఆమె అటు వెళ్ళగానే బల్ల చుట్టూ గుసగుసలు మొదలయ్యాయి.

“ఊరక రారు మహానుభావులు,” అంది జుల్మీరా, కాగితం వెనక్కి తిప్పి చూస్తూ. వెనక ఏమీ లేదు. ఏమీ లేకపోవడం కూడా ఆమెకి నచ్చలేదు.

“మంచి పిల్లలాగే ఉంది వదినా,” అంది గ్రసియెట్.

“నీకు ఎవరు మంచివాళ్ళు కారు? అప్పట్లో కుర్చీలవాడు కూడా మంచివాడే. గుర్తుందా?”

గుర్తుండక పోతుందా. వాళ్ళిద్దరూ ఇంతకు ముందు చేసిన కర్మాగారానికి ఓ నవ్వుమొహం మనిషి వచ్చాడు. కుర్చీ సుఖంగా ఉందా, మెడ లాగుతోందా అని ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడిగాడు. మెడ లాగుతోందన్నవాళ్ళంతా కొత్త కుర్చీలొస్తాయని ఎదురు చూశారు. కర్మాగారంలో మనుషుల్ని తగ్గించినప్పుడు ముందు బయటికి పోయింది వాళ్ళే. తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే ఏమిటో జుల్మీరా అప్పుడు చూసింది.

బ్రెజిల్ నుంచి వచ్చిన రోజియానె కాగితం చదువుతూ నవ్వింది. ఆ పిల్లకి ప్రతిదానికీ నవ్వే. “ఇదిగో, ‘పని మీ శక్తినంతా లాగేస్తోందా’ అట. ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, అరుదుగా, అసలు లేదు. మా ఆయన్ని అడగాలి ఈ ప్రశ్న, సోఫాలో పడుకుని ‘ఎప్పుడూ’ అంటాడు.”

“నవ్వింది చాల్లే. రెండో పేజీ చూడు,” అంది జుల్మీరా. “ఏముంది అక్కడ? ‘పని అయ్యాక ఓపిక మిగలడం లేదని అనిపిస్తుందా.’ మొదటి పేజీ ప్రశ్నే, చొక్కా మార్చుకుని వచ్చింది. కింద ఇంకోటుంది చూడు, అదీ అంతే. ఇవేమిటో తెలియట్లేదూ?”

అందరూ కాగితాల మీదకి వంగారు. ముందు గ్రసియెట్‌కే తట్టింది. “వేగు బిరడాలు,” అంది మెల్లగా.

“మరి? మొదటిదానికి ఒకటి రాసి, రెండోదానికి ఇంకోటి రాస్తే అబద్ధం చెప్పినట్టు దొరికిపోతాం. మన మేస్త్రి సూదితో గుచ్చుతాడు, ఈమె కలంతో గుచ్చింది. పనితనం ఒకటే.”

“అయితే ఏం రాయాలి జుల్మీరా?” అంది పక్క బెల్టు ఆడమనిషి.

“ఏ గంపలో వెయ్యాలో తేలని బిరడాని ఎక్కడ వేస్తాం?”

“నడి గంపలో.”

“అంతే. నడి గంపలో వేసినందుకు ఇంతవరకూ ఎవరినీ ఎవరూ తిట్టలేదు. అన్నిటికీ ‘అప్పుడప్పుడు’ రాసేయండి. ఆకలేస్తుందా అన్నా అప్పుడప్పుడే.”

గ్రసియెట్ కలం పట్టుకుని చాలాసేపు మొదటి ప్రశ్న మీదే ఉండిపోయింది. ఆమె చెయ్యి ‘ఎప్పుడూ’ అన్న గడి వైపు పోవడం జుల్మీరా చూసింది. బల్ల కింద మోకాలితో మోకాలిని పొడిచింది. గ్రసియెట్ చెయ్యి నడి గడికి వచ్చింది.

తర్వాతి వారం డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి ఒక్కొక్కరినీ మందుల గదిలోకి పిలిచి మాట్లాడుతుందట. జుల్మీరా ఎవరూ పిలవకుండానే ముందు లేచింది. గ్రసియెట్ కన్నా ముందు తను వెళ్ళి, ఆ గదిలో ఏముందో చూడాలనుకుంది. గ్రసియెట్ తలుపు బయట బెంచీ మీద వంతు కోసం కూర్చుంది.

“కూర్చోండి జుల్మీరా గారూ.”

జుల్మీరా కుర్చీని చూసి కూర్చుంది.

“అందరి కాగితాలూ చూశాను,” అంది డాక్టరమ్మ. “అన్నిటికీ ‘అప్పుడప్పుడు’ అని ఉంది. ఇక్కడ అందరికీ అన్నీ అప్పుడప్పుడే జరుగుతాయా?”

“చిన్న ఊరమ్మా. ఒకేలా ఉంటాం.”

డాక్టరమ్మ పెదవి బిగబట్టింది గానీ నవ్వు ఆగలేదు. “ఒక్కచోట మాత్రం అందరూ గీత దాటారు. ‘తోటి పనివాళ్ళ నుంచి మీకు సాయం అందుతుందా?’ దీనికి మాత్రం ఒక్కరు కూడా అప్పుడప్పుడు అనలేదు. అందరూ ‘అసలు లేదు’ అన్నారు. మీరు కూడా.”

నిజమే. ఆ ప్రశ్న దగ్గర జుల్మీరా తన మాట తనే మరిచిపోయింది. సాయం అందుతుందని ఎలా రాస్తుంది, అప్పుడప్పుడైనా సరే? తన బిరడాల్లో ఇంకొకరు చెయ్యి పెడుతున్నారని సంతకం చేసినట్టే కదా. ఎవరి చెయ్యీ అటు కదల్లేదు.

“మా పని మేం చేసుకుంటాం,” అంది.

“ఒకరికొకరు సాయం చేసుకోరా?”

“ఎవరి కళ్ళు వాళ్ళకున్నాయి.”

డాక్టరమ్మ ఏదో రాసుకుంది. జుల్మీరాకి ఆ రాసుకోవడం నచ్చలేదు. ఎదురు ప్రశ్న వేసింది. “మీరొకటి చెప్పండమ్మా. మొదటి పేజీలో ప్రశ్నే రెండో పేజీలో ఎందుకు పెట్టారు? ఎవరు పెట్టమన్నారు?”

“ఎవరూ పెట్టమనలేదు. నేనే పెట్టాను. ఆ ప్రశ్నని మన మాటల్లోకి రెండు రకాలుగా మార్చాం. నాతో పనిచేసే ఆయనకి మొదటిది నచ్చింది, నాకు రెండోది నచ్చింది. తెగలేదు. మీకు ఏది చప్పున అర్థమైతే అది ఉంచి, రెండోది తీసేద్దామనుకున్నాం. మీరు రెండింటికీ ఒకటే రాశారు, మా గొడవ అలాగే ఉండిపోయింది.”

వినడానికి బాగానే ఉంది. వినడానికి బాగుండడమే జుల్మీరాకి ఎప్పుడూ ముల్లులా గుచ్చుకుంటుంది. ఈ మనిషి పచ్చిదా, ఆరిందా? పైన చూస్తే తెలీదు. అప్పుడే ఆమెకి ఉపాయం తట్టింది. మేస్త్రి తమ మీద వేసే ఎత్తే ఈమె మీద వేస్తే? ఒక తప్పుడు బిరడాకి గుర్తు పెట్టి ఈమె బెల్టు మీద వదిలితే, అది విటోరినో సంచిలో తేలుతుందో లేదో తెలిసిపోదూ?

గొంతు తగ్గించింది. “మీతో ఒకటి చెబుతాను. ఇంకెవరికీ చెప్పలేదు. నా ఎడమ కన్ను ఈ మధ్య మసకేస్తోంది. దీపం చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయి.”

“అయ్యో. డాక్టరుకి చూపించారా?”

“చూపిస్తాలెండి. మేస్త్రి చెవిన మాత్రం పడనివ్వకండి.”

“పడదు,” అంది డాక్టరమ్మ. కలం పక్కన పెట్టేసింది. అది కూడా నటనేమోనని జుల్మీరా ఆ కలాన్నే చూస్తూ లేచింది.

బయటికొచ్చి, బెంచీ మీదున్న గ్రసియెట్ భుజం తట్టింది. “అన్నీ నడి గంపలోనే,” అంది చెవిలో. గ్రసియెట్ మొహం పాలిపోయి ఉంది. ఆమె లోపలికి వెళ్ళింది. చాలాసేపటి దాకా రాలేదు. వచ్చినప్పుడు ముక్కు ఎర్రగా ఉంది. “ఏం అడిగింది?” అంటే, “నీకు అడిగినవే,” అంది.

ఇక జుల్మీరా కాచుకుని కూర్చుంది. విటోరినో దగ్గరికొస్తే వీపుతో కనిపెడుతుంది. అతను మామూలుగానే ఉన్నాడు. ఒకప్పుడు ఏరేవాళ్ళ బల్ల కింద ఆడుకున్న పిల్లవాడు, తల్లి కూడా ఇక్కడ బిరడాలు ఏరిన మనిషే. రోజులు గడిచాయి, ఏమీ జరగలేదు. డాక్టరమ్మ ఆరిన బిరడాయేనేమో అని జుల్మీరా అనుకోబోతుండగా, ఒక పొద్దున్న విటోరినో ఆమె కుర్చీ వెనక ఆగాడు.

“జుల్మీరమ్మా, కళ్ళెలా ఉన్నాయి మీకు?”

ఆమె చేతిలో బిరడా చేతిలోనే ఉండిపోయింది. వచ్చింది. వేగు తిరిగి వచ్చింది. బాధ వెయ్యలేదు, నిజం చెప్పాలంటే కడుపులో చల్లగా ఉంది. నేను చెప్పలేదూ, అని లోకానికంతా చెప్పాలనిపించింది.

“ఎవరు చెప్పారు నీకు? ఆ డాక్టరమ్మేనా?”

“డాక్టరమ్మా? ఆవిడ మాకు ఎండ, వాన తప్ప ఇంకో ముక్క చెప్పదు. గ్రసియెట్ గారు చెప్పారు. మీకు ఎడమ కన్ను మసకేస్తోందట, అటు తలుపు పక్క బెల్టు మీదకి మార్చమన్నారు, అక్కడ వెలుతురు బాగుంటుందని.”

మొదటి కుర్చీలో గ్రసియెట్ తల ఎత్తలేదు. దీపం కింద ఆమె చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

“నా కన్నుకేం? బంగారంలా ఉంది,” అంది జుల్మీరా. “నమ్మకపోతే ఇవాళ నీ దగ్గరున్న వేగులన్నీ తెచ్చి పొయ్యి.”

అతను పోశాడు. చివర తప్పున్నది ఒక్కటీ ఆమెని దాటి పోలేదు. విటోరినో ఏరినవాటిని అరచేతిలో ఆడించుకుంటూ, “మరి ఆవిడ ఎందుకు చెప్పినట్టు?” అని తల గోక్కుంటూ వెళ్ళాడు.

మధ్యాహ్నం జుల్మీరా భోజనాల గదికి వెళ్ళలేదు. వెనక పెరట్లో కార్కు చెట్ల బెరడు పలకలు ఇంటెత్తున పేర్చి ఆరబెడతారు. ఆ గుట్టల మధ్య, ఎండ పడే సందులో, గ్రసియెట్ టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఒంటరిగా కూర్చుంది. ఉప్పుచేపా బంగాళాదుంపలూ అలాగే ఉన్నాయి.

“తలుపు దగ్గర చెవి పెట్టావన్నమాట,” అంది జుల్మీరా నిలబడే.

“చెవి పెట్టక్కర్లేదు. ఆ తలుపు అట్టముక్క.”

“విన్నదానివి నా దగ్గరికొచ్చి అడగొచ్చుగా? మేస్త్రి దగ్గరికి మోస్తావా? వదినవి కదే నువ్వు.”

“నీ కన్ను పోతోందని భయమేసింది,” అంది గ్రసియెట్. ఫోర్కుతో బంగాళాదుంపని రెండు చేసింది. రెండు ముక్కల్నీ నాలుగు చేసింది. “అదొక్కటే కాదు. ఆ వంకన నిన్ను నా పక్కనుంచి తీసేస్తారని ఆశపడ్డాను.”

“ఏం చేశాను నిన్ను?”

“చెయ్యి పెడుతున్నావు.”

జుల్మీరా ఎదురుగా ఉన్న బెరడు పలక మీద కూర్చుంది.

“నాకు తెలీదనుకున్నావా వదినా? బెల్టు మీద నేను కళ్ళు దించుకునే ఉంటాను గానీ బెల్టు అంచుకి తగిలే నీ గాజు చప్పుడు వినపడుతుంది. ఒకటి వదిలేశాను, గాజు చప్పుడు. ఇంకోటి వదిలేశాను, గాజు చప్పుడు. బెల్టు వేగం ఓ పక్క, నీ గాజు ఓ పక్క. పొద్దున్నే కుర్చీలో కూర్చోగానే ఆ చప్పుడు కోసమే చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఇక బిరడాలు ఏం కనిపిస్తాయి? నిద్రలో కూడా అదే. విటోరినో అంటే నాకు భయం లేదు. బోర్డు మీద పేరెక్కితే ఎక్కనీ. నువ్వంటే భయం.”

“నేను పెట్టకపోతే నువ్వు ఈపాటికి తడి సంచులు మోస్తుండేదానివి.”

“మోసేదాన్నేమో. నన్ను అడిగావా?”

బెరడు గుట్ట నీడ జరిగి గ్రసియెట్ కాళ్ళ మీదకి వచ్చింది. జుల్మీరా ఎడమ చేతి గాజుని కుడిచేత్తో తిప్పింది. అమదేవు పెళ్ళినాడు తొడిగిన వెండి గాజు. దానికి చప్పుడుంటుందని ఆమె ఎప్పుడూ గమనించలేదు. ఇంట్లో వినేవాడికి చెవులు లేవు.

“నా కన్నుకేం కాలేదు,” అంది చివరికి. “ఆ డాక్టరమ్మ చాడీలు మోస్తుందేమోనని వేసిన వేగు అది.”

గ్రసియెట్ తలెత్తి చూసింది. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక డబ్బా మీదకి వంగి నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. “దొరికింది నేనన్నమాట. ఎంత మనిషివే నువ్వు. పరలోకంలో పేతురు గారు తలుపు తీస్తే ఆయన తాళంచెవి కూడా తిప్పి చూస్తావు.”

జుల్మీరాకి నవ్వు రాలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఆకుకూర సూపు కాచి వడ్డించి, మొగుడి ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, “అవును, ఉప్పు కాస్త తక్కువైంది,” అన్నాడు. ఆమె గాజు తీసి సొరుగులో పెట్టింది.

మర్నాడు తనే విటోరినో దగ్గరికి వెళ్ళి తలుపు పక్క బెల్టుకి మార్చమంది. “నిన్న బంగారం లాంటి కళ్ళన్నారు?” అన్నాడు. “వెలుతురుకి కాదు, గాలికి,” అంది. ఆమె కుర్చీలోకి రోజియానె వచ్చింది. రోజియానెకి చివర్లు చూడ్డానికే సమయం చాలదు, ఇంకొకరి ఒళ్ళు చూసే తీరిక ఎక్కడిది.

డాక్టరమ్మ ఆఖరిసారి వచ్చినప్పుడు కూడా జుల్మీరా ముందు వెళ్ళింది. కూర్చోక ముందే అడిగింది. “మా గ్రసియెట్ ఆవేళ మీకేం చెప్పింది?”

“చెప్పను.”

“దాని కూతురికి జ్ఞానతల్లిని నేను.”

“మీరు ఆమె కన్నతల్లే అయినా చెప్పను. మీ కన్ను సంగతి ఆమె అడిగినా చెప్పను.”

జుల్మీరా ఆ మాటని రెండు చివరలా చూసింది. తప్పు కనిపించలేదు. “నా కన్ను బాగానే ఉంది. అది అబద్ధం,” అంది. ఎందుకు చెప్పిందో డాక్టరమ్మ అడగలేదు. కొత్త కాగితం ముందుకి జరిపింది.

“సాయం ప్రశ్న మార్చాను. ఉత్తరాన సాయం అంటే ఎవరూ సిగ్గుపడరు, ఎంత ఎక్కువుంటే అంత మంచిదని దాన్ని రాశారు. ఇక్కడ అలా కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. మళ్ళీ రెండు రకాలుగా రాశాను. ఏది ఉంచాలో చెప్పండి. ‘మీరు అడిగినప్పుడు తోటివాళ్ళు సాయం చేస్తారా?’ ఇది ఒకటి. ‘మీరు అడగకుండానే మీ పనిలో చెయ్యి పెడతారా?’ ఇది రెండోది.”

చెయ్యి పెట్టడమన్న మాట డాక్టరమ్మకి ఎవరు నేర్పారో జుల్మీరాకి తెలుసు. అడగలేదు. కాగితాన్ని చాలాసేపు చూసింది.

“ఇవి వేగులు కావు. రెండూ వేరు,” అంది. “రెండూ ఉంచండి.”

“మీరైతే ఏం రాస్తారు?”

జుల్మీరా కలం తీసుకుంది. నడి గడి జోలికి పోలేదు. మొదటి ప్రశ్నకి ‘అసలు లేదు’ అని గీత పెట్టింది, తను ఎవరినీ ఎప్పుడూ అడిగింది లేదు కనక. రెండోదానికి జవాబు చెప్పాల్సింది తను కాదు, గ్రసియెట్ అని తెలిసినా, దాని ముందు కూడా కాసేపు కలం పట్టుకుని కూర్చుంది.

వారం తిరక్కముందే జుల్మీరా భయపడ్డదే జరిగింది. సాయంత్రం సంచి కట్టేముందు విటోరినో ఒక బిరడా పట్టుకుని కిటికీ పక్క బెల్టు దగ్గరికి వచ్చాడు. అతను మొదటి కుర్చీ దగ్గర ఆగడంతోనే, తలుపు పక్కనున్న జుల్మీరాకి అది ఒంటి మీద పగులున్నదని తెలిసిపోయింది. కాళ్ళు లేవబోయాయి. కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

“గ్రసియెట్ గారూ, ఇది దాటిపోయింది.”

“దాటిపోయింది,” అంది గ్రసియెట్. లేచి నిలబడింది. “ఇంకా దాటిపోతాయి. ఈ వేగం నాకు అందట్లేదు విటోరినో. మీ అమ్మ ఉన్నా ఆమెకీ అందదు. నా పేరు బోర్డు మీద రాస్తే రాయి. నాతో పాటు బెల్టు పేరు కూడా రాయి.”

“మరి అందరూ అప్పుడప్పుడే కష్టమన్నారటగా కాగితంలో?”

జుల్మీరా తల చప్పున విటోరినో వైపు తిరిగింది. ఆ మాట వీడికెలా చేరింది? డాక్టరమ్మ మొహం కళ్ళ ముందు మెదిలింది.

“నేనే చెప్పా,” అంది రోజియానె చెయ్యెత్తి. “నవ్వుకోడానికి చెప్పాను మేస్త్రీ. ఆకలి కూడా అప్పుడప్పుడే అని రాయమంది జుల్మీరమ్మ.”

అన్ని బెల్టుల దగ్గరా నవ్వులు లేచాయి. విటోరినో నవ్వలేదు. తలుపు వైపు తిరిగాడు. “జుల్మీరమ్మా, మీ కళ్ళు నేను చూశాను. మీకు అందుతోందా ఈ వేగం?”

అందుతోంది. ఆమెకి అందుతోంది. అదే నిజం. అందుతోందంటే గ్రసియెట్ కడుగుడు షెడ్డుకి పోతుంది, అందట్లేదంటే ఇంకో అబద్ధం. జుల్మీరా గ్రసియెట్ వైపు చూసింది. అడగకుండా చెయ్యి పెట్టకూడదు. గ్రసియెట్ ఆమెనే చూస్తోంది. “చెప్పు వదినా,” అంది.

“నాకు అందుతోంది,” అంది జుల్మీరా. “ఎందుకు అందుతోందో చెబుతాను. నేను చివర్లు చూస్తాను, బిరడాకి రెండే చివర్లు. ఒళ్ళు చూసేవాళ్ళకి అది పూర్తిగా ఒక చుట్టు తిరగాలి. మీరు పెంచిన వేగానికి అది చుట్టు తిరిగేలోపు మనిషిని దాటిపోతోంది. నా మాట నమ్మొద్దు. మొదటి కుర్చీలో నువ్వు కూర్చో, నేను నా వేగులు వేస్తాను.”

విటోరినో కూర్చోలేదు. బిరడాని జేబులో వేసుకుని, “చూస్తాను,” అన్నాడు. చూస్తాననడం ఆ కర్మాగారంలో నడి గంప లాంటి మాట. కానీ బోర్డు మీద పేరు రాయకుండానే వెళ్ళాడు.

తర్వాత బెల్టు వేగం తగ్గిందని కొందరు, తగ్గలేదని కొందరు. జుల్మీరా రోజూ పొద్దున్నే అరచెయ్యి బెల్టు అంచు మీద ఆనించి చూసేది. తగ్గినట్టే ఉండేది, తగ్గలేదేమో అనిపించేది. గ్రసియెట్ మాత్రం స్నానాల గదికి వెళ్ళడం తగ్గించింది. కడుగుడు షెడ్డు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నెల తిరిగాక గ్రసియెట్టే మేస్త్రిని అడిగి జుల్మీరాని మళ్ళీ కిటికీ పక్కకి రప్పించుకుంది. “రోజియానె పాటలు పాడుతుంది, తలనొప్పి,” అంది కారణంగా. గాజు లేని చేత్తో జుల్మీరా తన కుర్చీలో కూర్చుంది. మొదటి పొద్దునే పగులున్న బిరడా ఒకటి గ్రసియెట్‌ని దాటి వచ్చింది. జుల్మీరా చూసింది. వేళ్ళు ఒళ్ళో ముడుచుకుంది. బిరడా దొర్లుకుంటూ ముందుకి పోతోంది.

“వదినా, అది తియ్యి,” అంది గ్రసియెట్, తల తిప్పకుండానే.

జుల్మీరా తీసింది. పక్కన పడెయ్యబోతూ ఒక చివర చూసింది, సూదిగుచ్చు లేదు. ఎందుకైనా మంచిదని రెండో చివర కూడా చూసింది.